మందు లేని సూది

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తే మనిషికి సూది మీద గురి ఎక్కువ. జ్వరమొచ్చినా సూదే, నడుం పట్టినా సూదే. కాకపోతే ఆ సూది వెనక సిరంజీ ఉండాలి, సిరంజీలో మందుండాలి. అరండల్‌పేటలో మా ఫిజియోథెరపీ క్లినిక్‌కు కుడి మోచేతి నొప్పితో వచ్చిన హమాలీ ఒకాయన, నేను ప్యాకెట్ చించగానే మెడ సాచి చూశాడు.

"మందేదమ్మా ఇందులో?"

"మందు లేదు బాబాయ్. ఉత్త సూదే."

"ఉత్త సూదికి డబ్బులు తీసుకుంటారా!"

ఎగతాళికన్నా, అడగాల్సిన మాటే అడిగాడు. మందేమీ ఎక్కించకుండా సూదిని దించి తీస్తే దెబ్బతిన్న టెండన్‌కు ఏమవుతుంది? ఇలా ఉత్త సూది గుచ్చడాన్ని డ్రై నీడ్లింగ్ అంటారు, అది నేర్పే వర్క్‌షాపుల్లో దీనికి చెప్పే జవాబు మహా ధీమాగా ఉంటుంది. రక్తప్రసరణ పెరుగుతుంది, టెండన్ కొత్తగా తయారవుతుంది అంటారు. అందులో మొదటి మాట చాలావరకు నిజం. రెండో మాటకు నేను అంత తేలిగ్గా తలూపను.

ముందు ఆయన చేయి సంగతి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు మంచి సీజను. నలభై కిలోల పైచిలుకు టిక్కీని కొక్కెంతో గుచ్చి లాగాలి, ఎత్తాలి, లారీకెక్కించాలి. కొక్కెం పిడిని బిగించి పట్టడానికి వేళ్లు ముడిస్తే సరిపోదు. మణికట్టు కిందికి వాలిపోకుండా ముంజేతి వెనక కండరాలు దాన్ని లాగి నిలబెట్టాలి. ఆ కండరాలు వెళ్లి అతుక్కునేది మోచేతి బయటివైపు చేతికి తగిలే ఎముక బుడిపె మీద, వేలి కొస కప్పేసేంత చోట. బరువు ఎత్తిన ప్రతిసారీ ఆ లాగుడంతా అక్కడే పడుతుంది. ఆయన టీ గ్లాసు కూడా ఎడమ చేత్తోనే ఎత్తుతున్నాడు.

దీన్నే టెన్నిస్ ఎల్బో అంటారు. సచిన్ టెండూల్కర్ 2004లో దీనివల్లే మ్యాచ్‌లకు దూరమై, 2005లో లండన్‌లో ఆపరేషన్ చేయించుకున్నాక మన ఊళ్లలోనూ ఆ పేరు తెలిసింది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో మాత్రం రాకెట్ పట్టినవాళ్లు అరుదు. పరోటా మాస్టర్లు, తాపీ మేస్త్రీలు, దర్జీలు, దుప్పట్లు చేత్తో పిండే ఇల్లాళ్లు.

కండరం లాగుతుంది, ఎముక కదులుతుంది. నడుమ ఆ లాగుడును మోసేది టెండన్. ‘నరం పట్టేసింది డాక్టరమ్మా’ అంటూ వచ్చే చాలామందికి పట్టింది నరం కాదు, ఇదే. కొబ్బరి పీచు తాడు పురి విప్పి చూస్తే లోపల ఇంకా సన్నటి పురులు, వాటి లోపల పీచు కనిపిస్తాయి కదా, టెండన్ కట్టడం కూడా ఆ తీరే. కొల్లాజెన్ అనే ప్రొటీన్ అణువులు కలిసి పోగులు, పోగులు కలిసి కట్టలు, ఆ కట్టలన్నిటినీ చుట్టి ఒక పొర. ఆరోగ్యంగా ఉన్న టెండన్‌లో పోగులన్నీ లాగుడు దిశలోనే, ఒకదాని పక్కన ఒకటి తీర్చినట్టు ఉంటాయి. వాటి సందుల్లో అక్కడక్కడా జీవకణాలు ఉంటాయి. రక్తనాళాలు బహు కొద్ది. అందుకే కోసి చూస్తే కండరం ఎర్రగా, టెండన్ తెల్లగా కనిపిస్తాయి.

ఈ పోగులు ఎంత పాతవో డెన్మార్క్ శాస్త్రవేత్తలు తేల్చిన పద్ధతి నాకు భలే ఇష్టం. 1955 నుంచి 1963 దాకా అగ్రదేశాలు గాలిలో అణుబాంబులు పేల్చి పరీక్షలు చేసుకున్నాయి. దాంతో వాతావరణంలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. గాలిలో పరీక్షలు ఆపాలన్న 1963 ఒప్పందం తర్వాత ఆ పేలుళ్లు చాలావరకు ఆగి, అది ఏటికేడు తగ్గుతూ వచ్చింది. ఆ కార్బన్ గాలిలోంచి మొక్కల్లోకి, తిండిలోంచి మన ఒంట్లోకి చేరింది. శరీరంలోని ఏదైనా ముక్క తీసుకుని అందులో కార్బన్-14 ఎంతుందో కొలిస్తే, అది ఏ కాలంలో తయారైందో లెక్క కట్టొచ్చు. కాట్యా హైనెమైయర్ బృందం చనిపోయినవారి అకిలిస్ టెండన్, అంటే పిక్కను మడమకు కలిపే పట్టీ, దాని నడిమి భాగాన్ని ఇలా కొలిచి 2013లో ఫలితం ప్రకటించింది. ఆ భాగం పదిహేడేళ్ల వయసు వచ్చేసరికి తయారైపోతుంది. ఆ తర్వాత దాదాపుగా మారదు. అదే మనుషుల కండరాలు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తవవుతూనే ఉన్నాయి. అంటే అరవై ఏళ్ల మనిషి మడమ వెనక ఉన్నవి ఆయన ఇంటర్ చదివే వయసు నాటి పోగులన్నమాట.

ఇంతవరకూ వింటే, టెండన్ సోమరి, సూదితో పొడిచి లేపాలి అనిపిస్తుంది. వర్క్‌షాపుల్లో చెప్పేదీ అదే. అయితే ఆ బృందమే 2018లో జబ్బుపడిన టెండన్లను కూడా కొలిచింది. అక్కడ కథ తిరగబడింది. నొప్పి మొదలవడానికి ఏళ్ల ముందు నుంచే ఆ టెండన్లలో కొల్లాజెన్ విరిగిపోతూ, కొత్తది తయారవుతూ ఉంది. పని ఆగలేదు, ఎక్కువైంది. కాకపోతే ఒక తీరూ తెన్నూ లేకుండా సాగింది. నొప్పి మొన్న సంక్రాంతికి వచ్చిందని చెప్పే మనిషి టెండన్‌లో గొడవ ఎన్ని సంక్రాంతుల కిందట మొదలైందో ఎవరు చూశారు!

అలాంటి టెండన్ ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే ఏం కనిపిస్తుందో అమెరికా సర్జన్ రాబర్ట్ నిర్ష్‌ల్ 1979లోనే వివరంగా రాశారు. పోగులు దిశ తప్పి, చెదిరి ఉంటాయి. కణాలు కుప్పలుగా పెరుగుతాయి. ఉండకూడని చోట సన్నటి రక్తనాళాలు పుట్టుకొస్తాయి. మామూలు వాపులో గుంపులుగా చేరే కణాలు మాత్రం అక్కడ పెద్దగా కనిపించవు. ఇటీవలి పరిశోధనల్లో కొంత వాపు ఆనవాళ్లు దొరికాయి గానీ, ఇది కాలు బెణికినప్పటి వాపు లాంటిది కాదన్న మాట మారలేదు. డాప్లర్ అల్ట్రాసౌండ్‌లో ఆ కొత్త రక్తనాళాలు రంగు చుక్కలుగా మెరుస్తాయి. వాటి వెంటే నొప్పిని మోసే సన్నటి నరాల కొసలు కూడా లోపలికి వస్తాయి.

మరి వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే నొప్పి ఎందుకు పోతోంది? పోతుంది, కాదనను. వారంలో మనిషి హుషారుగా పనిలోకి వెళ్తాడు. తర్వాతి లెక్క కూడా చూడాలి. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో టెన్నిస్ ఎల్బో ఉన్న 165 మందిని ఏడాది పాటు గమనించి 2013లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది గడిచేసరికి పూర్తిగానో బాగానో కోలుకున్నవాళ్లు ఉప్పునీటి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 96 శాతం, స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 83 శాతం. నొప్పి తిరగబెట్టింది ఉప్పునీటి వారిలో 12 శాతానికి, స్టెరాయిడ్ వారిలో 54 శాతానికి. మా హమాలీ అప్పటికే బయట రెండుసార్లు ఆ ఇంజెక్షన్ చేయించుకుని, రెండుసార్లూ నెలా రెండు నెలల్లో మొదటికొచ్చాడు. ఈ లెక్కలో ఇంకో ముక్క కూడా ఉంది, సూదులు గుచ్చే మా బోటివాళ్లు దాన్ని గట్టిగా చదవం: ఉప్పునీరు ఎక్కించినవాళ్లలో నూటికి తొంభై ఆరుగురు ఏడాదిలో బాగుపడ్డారు. టెన్నిస్ ఎల్బో చాలామందికి దానంతటదే నెమ్మదించే నొప్పి. నా సూది వల్లే తగ్గిందని నేను చెప్పుకునేటప్పుడు ఆ తొంభై ఆరును గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు సూది. రెండు రకాల పనుల్ని డ్రై నీడ్లింగ్ అన్న ఒకే పేరుతో పిలవడం వల్ల చాలా గందరగోళం. ఫిజియోథెరపిస్టులు వాడేది ఆక్యుపంక్చర్ సూదే, మందం పావు మిల్లీమీటరు నుంచి 0.3 మిల్లీమీటరు దాకా. లోపల బోలు ఉండదు. రెండోది రేడియాలజిస్టో ఎముకల డాక్టరో చేసేది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, చెడిన భాగంలో 18 నుంచి 22 గేజి బోలు సూదితో ఇరవై, ముప్ఫై సార్లు పొడుస్తారు. 18 గేజి అంటే మిల్లీమీటరు పైనే మందం. మొదటిదానితో రెండోదానంత గాయం కాదు. కాబట్టి ఒకదాని ఫలితాన్ని ఇంకోదాని ఖాతాలో వేయకూడదు. నేను చేసేది మొదటిది. రెండోది కావాలనిపిస్తే మేడ మీది రేడియాలజిస్టు గారి దగ్గరకు పంపుతాను.

సూది చర్మం దాటి దిగాక మొట్టమొదట స్పందించేవి నరాల కొసలే. అవి సీజీఆర్‌పీ, సబ్‌స్టెన్స్-పి అనే రసాయనాల్ని చుట్టుపక్కల వదులుతాయి. దాంతో దగ్గర్లోని రక్తనాళాలు వెడల్పవుతాయి. కాసేపటికి సూది చుట్టూ చర్మం ఎర్రబారడం మీరు కళ్లతోనే చూడొచ్చు. జపాన్ పరిశోధకులు 2010లో ఆరోగ్యవంతుల అకిలిస్ టెండన్‌లో సూది గుచ్చి, కాంతితో కొలిచే పరికరం పెట్టి చూశారు. అక్కడ రక్తమూ పెరిగింది, ఆక్సిజనూ పెరిగింది, సూది తీశాక కూడా కొంతసేపు ఆ పెరుగుదల నిలిచింది. రక్తప్రసరణ మాట చాలావరకు నిజం అన్నది అందుకే.

నొప్పి తగ్గడం వేరే దారిలో నడుస్తుంది. సూది దిగిన చోట కణాలు ఏటీపీ వదులుతాయి, అది విడిపోయి అడినోసిన్ అవుతుంది. అమెరికాలోని రోచెస్టర్‌లో మైకెన్ నెడర్‌గార్డ్ బృందం 2010లో ఎలుకల మీద ఇది చూపించింది. అడినోసిన్‌ను అందుకునే ఏ1 గ్రాహకం లేని ఎలుకలకు సూది వల్ల నొప్పి తగ్గనే లేదు. మనిషి టెండన్‌లోనూ అచ్చం ఇదే జరుగుతుందని దానర్థం కాదు. సూదికి నమ్మకం ఒక్కటే ఆధారం కాదని మాత్రం దానివల్ల తెలుస్తుంది. ప్రాగ్ నగరంలో కారెల్ లెవిట్ అనే డాక్టరు 1979లోనే 241 మందికి 312 నొప్పి చోట్ల మందు లేని సూదులు గుచ్చి, 86.8 శాతం చోట్ల నొప్పి అక్కడికక్కడే తగ్గిందని రాశారు. అంతకుముందు నొప్పి చోట మత్తుమందు ఎక్కించేవారు. పని చేస్తున్నది మందా, దాన్ని మోసుకెళ్లిన సూదా అన్న అనుమానం ఆయన నుంచే బలపడింది. అయితే ఆయనది చాలావరకు కండరాల నొప్పి లెక్క, పైగా పోల్చడానికి వేరే జట్టు లేదు.

ఇక టెండన్ లోపలి గాయం. పోగులు తెగుతాయి, బొట్టు రక్తం చిమ్ముతుంది. ఆ రక్తంలోని ప్లేట్‌లెట్లు పగిలి పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా, వీఈజీఎఫ్ వంటి పెరుగుదల కారకాల్ని వదులుతాయి. మొదటి కొన్ని రోజులు తెల్లరక్తకణాల పని, ముక్కలైన పాత పోగుల్ని ఏరివేయడం. ఆ తర్వాత కణాలు చీలి సంఖ్య పెరిగి కొత్త కొల్లాజెన్ అల్లడం మొదలుపెడతాయి. తొందరలో అల్లే ఈ కొల్లాజెన్ మూడో రకానిది, సన్నం, బలం తక్కువ. దాని స్థానంలో బలమైన మొదటి రకం చేరి, పోగులు లాగుడు దిశలోకి సర్దుకోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. గాయం మానే ఈ వరస సూదితో పుట్టింది కాదు, చాకుతో వేలు తెగినా ఇదే. దీర్ఘకాలంగా తీరు తప్పిన చోట సూది ఒక కొత్త గాయం చేస్తుంది. ఆ గాయం వరసగా మానుతూ పాత గందరగోళాన్ని కూడా సర్దుతుందని మా ఆశ. ఆశ అని ఎందుకన్నానంటే, దీన్ని కణాల స్థాయిలో చూసింది ఎక్కువగా ఎలుకల్లో. వాటికి ఏళ్ల తరబడి టిక్కీలెత్తిన మోచేతులుండవు. మనిషికి సూది గుచ్చి, ఆరు నెలలాగి, అక్కడి ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెట్టే పరిశోధనలు తేలిగ్గా జరగవు కదా.

సూదిని దించి ఊరుకోకుండా మెలి తిప్పితే ఇంకో సంగతి జరుగుతుంది. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో హెలీన్ లాంజెవాన్ 2001 నుంచి దీని వెంటపడ్డారు. సూది తిరిగినప్పుడు చర్మం కింది కొల్లాజెన్ పోగులు దానికి చుట్టుకుంటాయి. ఆ లాగుడు దూరంగా ఉన్న ఫైబ్రోబ్లాస్ట్ కణాల దాకా పోయి, ఎలుకల్లో అరగంటలో అవి సాగి, పరుచుకుని, ఆకారమే మార్చుకున్నాయి. సూది తిప్పి వదిలేశాక లాగబోతే లోపల ఏదో పట్టుకున్నట్టు నా వేళ్లకు తెలుస్తుంది. లాంజెవాన్ చూసింది చర్మం కింది పొరలో, టెండన్‌లో కాదు. అయినా కణం లాగుడుకు జవాబిస్తుందన్నది మాత్రం టెండన్‌లోనూ రుజువైన మాటే, వ్యాయామం పని చేసేది ఆ దారినే.

పీఆర్‌పీ అని పెద్ద నగరాల్లో వేలకు వేలు తీసుకుని చేస్తున్న చికిత్స ఉంది. రోగి రక్తాన్నే తీసి, ప్లేట్‌లెట్లను చిక్కబరిచి టెండన్‌లోకి ఎక్కించడం. స్టాన్‌ఫర్డ్‌లో 2014లో మోకాలి చిప్ప కింది టెండన్ నొప్పి ఉన్న 23 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఉత్త సూది, ఇంకో జట్టుకు సూదితో పాటు పీఆర్‌పీ, రెండింటికీ వ్యాయామం. 12 వారాలకు పీఆర్‌పీ జట్టు ముందుంది. 26 వారాలకు తేడా చెరిగిపోయింది. అదే ఏడాది టెన్నిస్ ఎల్బో ఉన్న 230 మందితో చేసిన మరో పరిశోధనలో పీఆర్‌పీ జట్టు 24 వారాలకు మెరుగ్గా నిలిచింది, 84 శాతం దగ్గర. అయితే పోల్చడానికి పెట్టిన జట్టుకు కూడా సూదితో పొడిచారు, వాళ్లలోనూ 68 శాతం బాగుపడ్డారు. ఆ 68లో సూదిదెంత, కాలానిదెంత? ఉత్తుత్తి సూది గుచ్చి రోగిని నమ్మించడం ఉత్తుత్తి మాత్ర ఇచ్చినంత సులువు కాదు, కాబట్టి ఈ లెక్క విడదీయడం కష్టం. నా జేబుకు నష్టమైనా చెబుతాను, మోచేతి నొప్పికి నేను మొదట ఎత్తుకునేది సూదిని కాదు.

మొదట ఎత్తుకునేది నీళ్ల సీసాని. హమాలీకి బల్ల అంచున ముంజేయి ఆనించి, అరచేయి కిందికి పెట్టి, లీటరు సీసా పట్టించాను. ఎడమ చేత్తో మణికట్టును పైకి లేపి, ఆ చేయి వదిలేసి, కుడి చేత్తో నెమ్మదిగా కిందికి దించాలి. ఈ దారికి పేరు తెచ్చింది స్వీడన్‌లోని ఉమియో పట్టణంలో ఎముకల డాక్టరు హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్. ఆయనకే మడమ వెనక నొప్పి. ఆపరేషన్ చేయమంటే పైఅధికారి ఒప్పుకోలేదు. టెండన్ తెగితే చచ్చినట్టు చేస్తారు కదా అని మెట్టు మీద నిలబడి, నొప్పెట్టినా లెక్కచేయక మడమను పదేపదే కిందికి దించడం మొదలుపెట్టాడట. టెండన్ తెగలేదు, నొప్పి పోయింది. 1998లో పదిహేను మంది ఆటగాళ్లతో పరీక్షించి ప్రచురించాడు: పదిహేనేసి చొప్పున మూడు విడతలు, రోజుకు రెండు పూటలు, 12 వారాలు. ఇప్పుడు ఇంత కఠినంగా చేయించకపోయినా, బరువు వేస్తేనే పోగులకు దిశ తెలుస్తుందన్న మూలసూత్రం మారలేదు.

సూది గుచ్చాక ఇది ఇంకా ముఖ్యం. మా దగ్గరకొచ్చేవాళ్లు సూదికి వారం తప్పకుండా వస్తారు, సీసా మాత్రం ఇంటి మూల పడి ఉంటుంది. కొత్త కొల్లాజెన్‌కు లాగుడు అందకపోతే అది మళ్లీ దిశ లేకుండానే చేరుతుంది. గుచ్చిన రోజు, మర్నాడు నొప్పి కాస్త పెరుగుతుంది. ఓర్చుకోగలిగితే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు కొన్నాళ్లు వద్దంటాను, ఎందుకంటే మనం కావాలని తెప్పించిన వాపును అవి అణచేస్తాయి. మరీ ఇబ్బందైతే పారాసెటమాల్ చాలు. హమాలీ ఆ సీజను మొత్తం పని మానలేదు, మానమంటే తినేదేమిటి? కొక్కెం పిడికి సైకిలు ట్యూబు ముక్క చుట్టించి లావు చేయించాను, చేయి అంత గట్టిగా బిగించక్కర్లేకుండా. మే నెలలో యార్డుకు సెలవులిచ్చాక సీసా బరువు పెంచాం. వానాకాలం నాటికి టిక్కీ ఎత్తితే కాస్త సలుపు, అంతే. అందులో సూది వాటా ఎంతో ఆయన అడిగాడు. ‘ఎంతో కొంత’ అన్నాను.

స్కానులో టెండన్ బాగైందా అని కూడా అడిగాడు. రెండోసారి స్కాను తీయించను. నొప్పి పూర్తిగా పోయినవాళ్ల టెండన్ కూడా స్కానులో ఎప్పటిలాగే చెదిరి కనిపించవచ్చు, ఏనాడూ నొప్పి ఎరగనివాళ్ల టెండన్‌లోనూ మచ్చలుంటాయి. డబ్బు పోగొట్టుకుని బెంగ కొనుక్కోవడం దేనికి?

సూది గుచ్చకూడనివాళ్లూ ఉన్నారు. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. భుజం, మెడ మొదళ్ల దగ్గర తెలియని చేత్తో లోతుగా దించితే ఊపిరితిత్తి పొరకు చిల్లు పడే ప్రమాదం నిజంగా ఉంది. షుగరు అదుపులో లేనివాళ్లలో గ్లూకోజు కొల్లాజెన్ పోగులకు అంటుకుని వాటిని ఒకదానితో ఒకటి బిగించేస్తుంది, టెండన్ బిరుసెక్కుతుంది, గాయం ఆలస్యంగా మానుతుంది. మన జిల్లాల్లో షుగరు లేని ఇల్లెక్కడ! అందుకే నలభై దాటినవాళ్లను మూడు నెలల షుగరు పరీక్ష రిపోర్టు తెమ్మంటాను.

ఇంకొకటి ఎవరికీ తోచదు. కొన్ని యాంటీబయాటిక్స్ టెండన్‌ను బలహీనపరుస్తాయి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ ఆ కుటుంబానివే. అకిలిస్ టెండన్ తెగిపోయే ముప్పు ఉందని అమెరికా ఔషధ సంస్థ 2008లోనే ఈ మందుల కాగితం మీద పెద్ద హెచ్చరిక వేయించింది. అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్లు కూడా వాడేవాళ్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మొన్న తెనాలి నుంచి రిటైరైన పీఈటీ మాస్టారు మడమ నొప్పితో వచ్చి, వాట్సప్‌లో వీడియో చూశానని, సూదే కావాలని పట్టుబట్టారు. ఈ మధ్య ఏమైనా మందులు వాడారా అంటే, మూత్రంలో మంటకు మెడికల్ షాపులో అడిగి కొన్న స్ట్రిప్పు జేబులోంచి తీశారు. సిప్రోఫ్లాక్సాసిన్ 500, ఇంకా నాలుగు మాత్రలు మిగిలున్నాయి. సూది ప్యాకెట్ సొరుగులో పెట్టేసి, గెంతడాలూ పరుగులూ ఆపమని చెప్పి, "ముందు డాక్టరుకు చూపించి మాత్ర మార్పించుకోండి మాస్టారూ, మడమ సంగతి ఆ తర్వాత చూద్దాం" అని పంపించాను.